మూత పట్టేసిన భరిణెలు: అంకుడు కర్ర, లక్క పనిలో ఒక కేస్ స్టడీ

ఈ కేసు ఉత్తరాంధ్రలో ఏటికొప్పాక పద్ధతిలో లక్కపని చేసే ఒక చిన్న కార్ఖానాది. యజమాని ఎవరు, సరుకు కొన్న దుకాణం ఏది అన్నవి ఇక్కడ అవసరం లేదు. చేయి తిరిగిన పనివాళ్లు, మంచి కర్ర, మంచి లక్క ఉన్నా సరుకు ఎందుకు తిరిగొచ్చింది, కారణం దొరికేదాకా ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నదే రాస్తున్నాను. లేత్ (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రం) మీద డబ్బాలు, భరిణెలు, మూతలున్న ఏ వస్తువు చేసేవాళ్లకైనా ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

నేపథ్యం

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఈ పనికి ముఖ్యమైన కర్ర అంకుడు. కొన్నిచోట్ల పాలకొడిశ అంటారు. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉంటుంది. ఉలికి హాయిగా లొంగుతుంది, చీలిక లేవదు, లక్కను చక్కగా పట్టుకుంటుంది. అయితే చెట్టు లావు కాదు. దొరికే దుంగలు చాలావరకు మనిషి మణికట్టు నుంచి పిక్క లావు దాకానే. ఈ సంగతి తర్వాత పెద్ద విషయమైంది.

లక్క పూయడం తెలియనివారికి నాలుగు మాటలు. రంగు కలిపిన లక్కను కడ్డీగా చేసి, లేత్ మీద తిరుగుతున్న వస్తువుకు అదిమి పెడతారు. రాపిడికి పుట్టే వేడితో లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకు ముక్కతో నొక్కి పట్టుకుంటే పూత సమంగా పరుచుకుని మెరుపు వస్తుంది. లక్క సుమారు 65 నుంచి 70 డిగ్రీల దగ్గర మెత్తబడి, మరో పది డిగ్రీలు పెరిగితే కరుగుతుంది. బ్రష్‌గానీ ఆరబెట్టడంగానీ ఉండవు. లేత్ ఆగేసరికి వస్తువు సిద్ధం. ఆ సుఖమే ఇక్కడ కొంప ముంచింది. అంత తొందరగా పూర్తయ్యే పనిలో కర్ర ఎండిందా లేదా అని ఆగి చూసే అలవాటు పోతుంది.

కార్ఖానాలో నాలుగు లేత్‌లు, ఆరుగురు పనివాళ్లు. బొమ్మలు, గిలక్కాయలు, బొంగరాలు ఏళ్ల తరబడి చేస్తున్నారు. కుంకుమ భరిణెలు పెద్ద ఎత్తున చేయడం ఇదే మొదటిసారి. 60 మిల్లీమీటర్ల నోరు ఉన్న భరిణెలు 400, వర్షాకాలం చివర్లో చేసి హైదరాబాద్‌లోని ఒక ఏసీ దుకాణానికి పంపారు.

వచ్చిన సమస్య

నాలుగు నెలల్లో 63 తిరిగొచ్చాయి. దుకాణం వాళ్లు రాసిన కారణం ఒక్కటే, ‘నాణ్యత లేదు’. దానితో ఏ పనీ సాగదు. అందుకే మొదట చేసింది వాటిని లోపం ప్రకారం కుప్పలుగా వేరుచేయడం. మూత పట్టేసి రానివి, లేదా పడనివి 38. అడుగు పగిలినవి 17. లక్క పెచ్చులుగా ఊడినవి 8.

అప్పటికే కార్ఖానాలో ఒక నిర్ణయం జరిగిపోయింది: లక్క నాసిరకం, లక్క అమ్మినవాణ్ణి మార్చాలి. పెచ్చులు కంటికి కనిపిస్తాయి, అందరూ వాటినే చూశారు. కానీ 63లో అవి 8 మాత్రమే. లెక్క పెట్టకుండా సరుకు మార్చి ఉంటే మిగతా 55 మళ్లీ తిరిగొచ్చేవి.

మొదట చేసి చూసినవి

మేం కాలిపర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) పట్టుకునేలోపే వాళ్లు మూడు ఉపాయాలు చేసి చూశారు. మూడూ తప్పిన తీరులోనే అసలు కారణం దాగి ఉంది కాబట్టి వాటిని దాటేయడం లేదు.

మూత పట్టేస్తోంది కదా అని భరిణె మెడకు, మూతకు మధ్య సందు పెంచారు. 0.3 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని 0.6 చేశారు. కొన్ని మూతలు ఊగిసలాడి, భరిణె వంచగానే ఊడి కుంకుమ ఒలికింది. మరికొన్ని అప్పటికీ పట్టేశాయి. ఒకే సందు పెట్టిన సరుకులో కొన్ని వదులు, కొన్ని బిగుతు అంటే లోపం సందు కొలతలో లేదని అర్థం. వస్తువు చేశాక దాని ఆకారమే మారుతోంది.

రెండోది, చేసిన భరిణెలను మూడు రోజులు ఎండలో పెట్టడం. 30 పెడితే 11 పగిలాయి. మిగిలినవాటి లక్క మెత్తబడి, పైన కప్పిన పాత పేపర్ అంటుకుపోయి అక్షరాలు అద్దినట్టు పడ్డాయి.

మూడోది, లక్కను రెట్టింపు మందంగా పూయడం. ఇది అన్నిటికన్నా నష్టం చేసింది. లక్క పెళుసు. కింద కర్ర కుంచించుకుంటుంటే మందపాటి పూత దానితోపాటు ఒదగలేదు, పలకలు పలకలుగా లేచిపోతుంది. పలచటి పూతే కాస్త ఓర్చుకుంటుంది.

కారణం దొరికిన తీరు

మెరుగు పెట్టే పని చేసే ఒకావిడ అన్న మాట దగ్గర దారి తెరుచుకుంది. తిరిగొచ్చిన భరిణె చేతిలో పెట్టుకుని, “ఇలాగ తిప్పితే దిగతాది బాబూ, అలాగ తిప్పితే పట్టేస్తాది” అంది. నిజమే. మూతను పావు వంతు తిప్పగానే గుటుక్కున దిగింది. మరో పావు తిప్పితే మళ్లీ బిగిసింది. గుండ్రంగా ఉన్న వస్తువు ఇలా చేయదు. కోలగా మారిన మెడ మీద కోలగా మారిన మూత ఉంటేనే ఇలా జరుగుతుంది.

కాలిపర్‌తో కొలిస్తే తేలిపోయింది. చేసినప్పుడు మెడ బయటి కొలత 60.0, మూత లోపలి కొలత 60.3 మిల్లీమీటర్లు. తిరిగొచ్చిన ఒక భరిణెలో మెడ ఒక దిశలో 58.9, దానికి అడ్డంగా 59.4. మూత 59.2, 59.7. పొడుగు దిశకు పొడుగు దిశ కలిస్తే 0.3 సందు అలాగే ఉంది. మూత పావు తిరిగితే 59.4 మెడ మీదికి 59.2 మూత రావాలి, ఎలా దిగుతుంది?

కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకే రకంగా కుంచించుకోదు. పొడవు వెంట దాదాపు మార్పే ఉండదు. వలయాలను అనుసరించే దిశలో జరిగే కుదింపు, నడిమి నుంచి బెరడు వైపు వెళ్లే దిశలో జరిగే దానికి ఇంచుమించు రెట్టింపు. సగానికి చీల్చిన బద్దలో చేసిన భరిణెలో ఈ రెండు దిశలూ పక్కపక్కనే ఉంటాయి, అందుకే ఆరాక కోలగా మారుతుంది. పట్టేసిన 38లో 35 బద్దల్లో చేసినవే.

మరి అడుగు పగిలిన 17? అన్నీ నిండు దుంగలో చేసినవి. చెట్టు సన్నం కాబట్టి పనివాళ్లు చాలాసార్లు దుంగను చీల్చకుండా అలాగే లేత్‌కు ఎక్కిస్తారు. అప్పుడు కర్ర నడుమ ఉండే మెత్తని దవ్వ సరిగ్గా భరిణె అడుగు మధ్యకు వస్తుంది. చుట్టుకొలత ఎక్కువ కుంచించుకోవాలి, మధ్యకు వచ్చే గీత తక్కువ కుంచించుకోవాలి. ఆ రెంటికీ పొత్తు కుదరక దవ్వ దగ్గర మొదలైన నెర్రె అంచు వైపు పాకుతుంది. గోడల్లో ఇది తక్కువ, ఎందుకంటే తొలిచినప్పుడే దవ్వ పోతుంది. అడుగులో మిగిలిపోతుంది. ఒక్క అడుగునైనా వెలుతురుకు ఎత్తి చూస్తే నెర్రె ఎప్పుడూ దవ్వ చుక్క దగ్గరే పుట్టినట్టు కనిపించేది.

ఇక తేమ ఎంత? ‘కర్ర ఆరు నెలలుగా షెడ్డులో ఉంది, ఎండిపోయిందే’ అన్నారు. దుంగ నడుమ నుంచి ఒక బిళ్ల కోసి తూచాం: 52.4 గ్రాములు. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర పెట్టి, తూకం ఇక తగ్గకుండా నిలిచేదాకా ఆరబెడితే 43.7. పోయిన నీరు 8.7 గ్రాములు. దాన్ని ఎండు తూకంతో భాగిస్తే దాదాపు 20 శాతం తేమ. అదే దుంగ చివర్నుంచి కోసిన బిళ్లలో 15 శాతమే ఉంది. చివర చేత్తో తాకి ‘ఎండింది’ అనుకోవడం వల్ల జరిగిన మోసం ఇదే. బెరడు తీయకుండా, నిండుగా ఉంచిన దుంగ చివర్లనుంచి ఆరుతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది.

గాలిలో తేమ 75 నుంచి 80 శాతం ఉండే తీరంలో కర్ర ఎంత ఆరినా 14 నుంచి 16 శాతం దగ్గర ఆగుతుంది. ఏసీ దుకాణంలో అది 7 నుంచి 9 దాకా దిగుతుంది. అంటే తీరంలో పూర్తిగా ఆరిన కర్ర కూడా హైదరాబాద్ వెళ్లాక ఇంకా కుంచించుకుంటుంది. పనివాళ్ల చేతిలో తప్పేమీ లేదు. ఈ మాట వాళ్ల ముందు గట్టిగా చెప్పడం అవసరమైంది, అప్పటికే తిరిగొచ్చిన సరుకు కూలీని వాళ్ల లెక్కలో కోశారు కాబట్టి. కొలతల కాగితం చూపించాక ఆ కోత వెనక్కి తీసుకున్నారు.

చివరి కారణం పని పంచుకున్న తీరులో ఉంది. ఒక లేత్ మీద రోజంతా మెడలు, మరో లేత్ మీద రోజంతా మూతలు. సాయంత్రం రెండు బుట్టలు పక్కపక్కన పెట్టి దేనికి ఏది సరిపోతే అది తొడిగేవారు. ఏ మూత ఏ బద్దలోనిదో ఎవరికీ తెలియదు. ఆ రోజు సరిగ్గా పడిన జత నెల తర్వాత పడుతుందన్న భరోసా లేదు.

లక్క సంగతి వేరు

పెచ్చులు ఊడిన 8ని విడిగా చూశాం. ఊడిన పెచ్చును తిరగేసి కింది వైపు చూడాలి. అక్కడ కర్ర పోగులు అంటుకుని ఉంటే లక్క పట్టు గట్టిదే, కింద కర్రే చిట్లింది. అద్దంలా నున్నగా ఉంటే లక్క అసలు అంటుకోలేదు. ఎనిమిదిలో మూడింటికి పోగులున్నాయి, అవి కుదింపు కేసులే. ఐదింటి కింది వైపు నున్నగా, పాలిపోయినట్టు తెల్లగా ఉంది. ఆ ఐదూ పసుపు రంగువే.

రంగు కడ్డీ చేసే చోట చూస్తే మిగతా రంగులను ఉడికించి, వడకట్టి, చిక్కబరిచి లక్కలో కలుపుతున్నారు. పసుపును మాత్రం తొందరకు పొడిగానే వేస్తున్నారు. పొడి లక్కలో కరగదు, ఇసుకలా లోపలే ఉండిపోతుంది. రంగు గాఢంగా రావాలని ఇంకా ఎక్కువ వేశారు. పైగా మిగిలిన కడ్డీ ముక్కలను మళ్లీ మళ్లీ వేడి చేసి వాడారు. లక్కను పదేపదే కాస్తే అది క్రమంగా కరగడం మానేస్తుంది. వేడి రేకు మీద తాకించి చూస్తే కొత్త కడ్డీ తేనెలా జారింది, పాతది రబ్బరులా సాగి ముద్దయింది.

ఇక్కడ పరిష్కారం సులువే. పసుపును కూడా మిగతా రంగుల్లాగే తీసి, 100 గ్రాముల లక్కకు 8 గ్రాములకు మించకుండా కలిపారు. తిరగకాచడం ఒక్కసారికి పరిమితం చేశారు. ఉలి పని అయ్యాక, లక్క పెట్టేముందు, తిరుగుతున్న వస్తువు మీది దుమ్మును పొడిగుడ్డతో తుడవడం తప్పనిసరి చేశారు. తడి కర్ర మీద లక్క పెడితే వేడికి లేచిన ఆవిరి పూత కింద చిక్కుకుని తెల్లబారుతుంది, కాబట్టి కర్ర ఎండడం ఈ సమస్యకూ మందే.

పనిచేసిన దారి

కర్రను ఎలా ఎండబెట్టాలన్నది అసలు ప్రశ్న. దుంగలుగా పెట్టి రెండేళ్లు ఆగడం ఒక దారి. చిన్న కార్ఖానాకు అంత పెట్టుబడి కట్టిపడేయడం కుదరదు. పూర్తిగా బట్టీలో పెట్టడం రెండోది, అంత సరుకు లేదు. మూడోది ఎంచుకున్నాం: పచ్చిగా ఉన్నప్పుడే భరిణెను మోటుగా తొలిచి, మందంగా ఉంచి ఆరబెట్టి, ఆరాక రెండోసారి లేత్‌కు ఎక్కించి కొలతకు తేవడం. నిండు దుంగ నడుమ నుంచి నీరు బయటికి రావడానికి నెలలు పడుతుంది. తొలిచిన గోడ నుంచైతే వారాలు చాలు. కోలగా మారేదేదో ముందే మారిపోతుంది, రెండో దఫాలో దాన్ని మళ్లీ గుండ్రం చేస్తాం.

స్థిరపడిన వరుస ఇది. దుంగ రాగానే సగానికి చీల్చి, దవ్వ పోయేలా నడిమి పట్టీ తీసేయాలి. నిండు దుంగ భరిణెలకు వాడకూడదు. దాన్ని బొంగరాలకు, గిలక్కాయలకు ఉంచి, వాటిలో కూడా వీలైతే నడుమ 8 మిల్లీమీటర్ల రంధ్రం ఆసాంతం వేయాలి. దవ్వ పోతే నెర్రెకు పుట్టుక ఉండదు. బద్ద రెండు చివర్లకూ కరిగించిన మైనం పూయాలి, లేకపోతే చివరలు ముందే ఆరి చీలుతాయి. మెడ, మూత ఒకే బద్దలో పక్కపక్కన రావాలి. విడదీసేముందు రెంటి మీదుగా పెన్సిల్‌తో ఒక అడ్డ గీత, ఒక అంకె. ఈ గీత మీద అందరికన్నా ఎక్కువ పట్టుబట్టింది మొదట ఆ లోపం కనిపెట్టిన ఆవిడే.

మోటు తొలిచినప్పుడు గోడ మందం ఎంత ఉంచాలి? భరిణె వ్యాసంలో పదో వంతు అన్న లెక్క సరిపోయింది, 60కి 6 మిల్లీమీటర్ల దగ్గర. ఇంకా తక్కువ ఉంచితే కోలగా మారాక గుండ్రం చేయడానికి కర్ర మిగలదు. ఎక్కువ ఉంచితే ఆరడానికి ఆలస్యం, పగలడానికి అవకాశం. ఆ ముక్కలను నీడలో, కింద అంగుళం ఎత్తు పుల్లలు పెట్టి, ఒకదానికొకటి తగలకుండా సర్దాలి. వారానికోసారి పది ముక్కలను 0.1 గ్రాము చూపే కాటా మీద తూచి, తూకాన్ని ముక్క మీదే పెన్సిల్‌తో రాయాలి. వారంలో తగ్గుదల 1 శాతం లోపుకు వస్తే గాలికి ఆరాల్సింది ఆరినట్టే. వర్షాలు లేని నెలల్లో దీనికి ఐదారు వారాలు పట్టింది.

ఆపైన బల్బుల పెట్టె. పాత చెక్క బీరువా అడుగున రెండు 60 వాట్ల బల్బులు, పైన గాలి పోవడానికి రంధ్రాలు, లోపల తేమ చూపే చిన్న మీటర్. తీరం 15 కి, ఏసీ దుకాణం 8 కి నడుమ ఉండాలని 10 శాతం లక్ష్యంగా పెట్టుకున్నాం. మరీ 7 కి దించితే వర్షాకాలంలో తీరంలోని ఇళ్లలోనే ఉబ్బి పట్టేస్తాయి. మొదటి దఫాలో ఇక్కడ తప్పు జరిగింది. 18 శాతం దగ్గర ఉన్న 40 ముక్కలను నేరుగా పెట్టెలో పెడితే 9 పగిలాయి. పైపొర గబగబా ఆరి బిగుసుకుంది, లోపలిది ఇంకా తడి. 15 శాతానికి దిగనిదేదీ పెట్టెలోకి వెళ్లకూడదన్న నియమం ఆ తొమ్మిదింటి తర్వాత వచ్చింది.

రెండో దఫా లేత్ పని, లక్క పూత ఒకే రోజు. మధ్యలో ఆగితే ముక్క మళ్లీ గాలిలోని చెమ్మ పీలుస్తుంది. ఆగక తప్పకపోతే మూత బిగుతుగా పడే డబ్బాలో పెట్టాలి. ఇంతకుముందు భరిణె బయట మాత్రమే లక్క ఉండేది, లోపల పూత లేని కర్ర. ఒకవైపు మూసి ఒకవైపు తెరిచిన కర్ర ఒక్క వైపునుంచే ఆరుతుంది, పీలుస్తుంది. అందుకే లోపల కూడా రంగు లేని లక్క పలచగా పూయించాం. లక్క తేమను పూర్తిగా ఆపదు, రాకపోకలను నెమ్మది చేస్తుంది. నెమ్మదిగా మారితే కర్ర పగలదు.

చివరగా, మూత మీద, మెడ కింద ఎర్ర లక్కతో ఒక్కో బొట్టు. రెండు బొట్లు కలిస్తే మూత సరైన దిశలో ఉన్నట్టు. ఎంత ఆరబెట్టినా కర్ర కాస్త కదలక మానదు. ఒకే బద్దలోని రెండు ముక్కలు ఒకే దిశలో కదులుతాయి కాబట్టి బొట్లు కలిపినంతకాలం సందు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కొనేవాళ్లు దాన్ని అలంకారం అనుకున్నారు, బాగుందన్నారు కూడా.

డబ్బు దగ్గర వచ్చిన చిక్కు

రెండుసార్లు ఎక్కించాలంటే పెద్ద మేస్త్రి మొదట ఒప్పుకోలేదు. ముక్కకు ఇంత అని కూలీ, ఒకే ముక్కకు రెండుసార్లు శ్రమ. ఆయన అభ్యంతరం న్యాయమైనది. యజమాని ‘నాణ్యత కోసం సర్దుకోండి’ అంటే ఈ మార్పు వారంలో ఆగిపోయేది. మోటు తొలిచే పనికి విడిగా ముక్క రేటు కట్టారు. ఆరేటప్పుడు పగిలిన ముక్కకు కూడా ఆ రేటు ఇవ్వాలని తేల్చారు. లేకపోతే చిన్న నెర్రెను లక్కతో కప్పేయాలన్న ఆశ పుడుతుంది, అది మళ్లీ దుకాణంలో బయటపడుతుంది. మోటు తొలిచే పని నేర్చుకునే కుర్రాళ్లకు అప్పగించారు. పెద్ద చేయి రెండో దఫాకు, లక్కకు మిగిలింది.

ఆర్డర్ తీసుకునే తీరు కూడా మారక తప్పలేదు. భరిణెలకు ఇప్పుడు తొమ్మిది వారాల గడువు అడుగుతున్నారు. ఒక దుకాణం ఒప్పుకోలేదు, ఆ ఆర్డర్ వదులుకున్నారు.

తర్వాత ఏమైంది

ఈ పద్ధతిలో చేసిన మొదటి 120 భరిణెలు ఒక వర్షాకాలం, ఒక ఎండాకాలం కలిసేలా ఎనిమిది నెలలు దుకాణంలో, ఇళ్లలో ఉన్నాయి. నాలుగు తిరిగొచ్చాయి. మూడింటి మూత కొంచెం బిగుతు. ఆ మూడింటిలో రెంటి అంకెలు మూత మీద ఒకటి, మెడ మీద ఒకటి. బుట్టలో జతలు తారుమారయ్యాయి. నాలుగోది అడుగు పగిలింది, వెలుతురుకు ఎత్తితే దవ్వ చుక్క కనిపించింది. చీల్చేటప్పుడు నడిమి పట్టీ పూర్తిగా పోలేదు. పెచ్చు ఊడింది ఒక్కటీ లేదు.

తేలనిది ఒకటి ఉంది. 90 మిల్లీమీటర్లు దాటిన భరిణెలు కావాలని అడుగుతున్నారు. దవ్వ తీసేశాక అంత వెడల్పు బద్ద ఇచ్చే అంకుడు దుంగ దొరకడం అరుదు. నిండు దుంగలో గోడ తొలిచి, అడుగును విడిగా బద్ద నుంచి బిళ్లగా కోసి, గోడ లోపలి గాడిలో జిగురు లేకుండా వదులుగా కూర్చే పద్ధతి మొదలుపెట్టాం. బిళ్ల తన ఇష్టం వచ్చినంత కదలడానికి గాడిలో అర మిల్లీమీటరు చోటు ఉంచాం. అలా చేసిన ఆరు భరిణెలు లక్క పూయకుండానే అలమార మీద ఉన్నాయి. ప్రతి సోమవారం తూచి, రెండు దిశల్లో కొలిచి, అంకెలు వాటి అడుగునే రాస్తున్నారు.